పొద్దుటి రెండు నిమిషాలు

బండి స్టార్ట్ అయ్యేది కాదని చెబితే అది సరైన మాట కాదు. స్టార్ట్ అయ్యేది. అయి ఆగిపోయేది. తాళం తిప్పగానే సెల్ఫ్ గట్టిగానే తిరిగేది, ఇంజను అందుకునేది. అందుకున్న వెంటనే బండంతా వణికి, వెనక నుంచి నల్లటి పొగ వదిలి, వాకిలంతా పెట్రోలు వాసన నింపి ఆగేది. రెండోసారీ అంతే. మూడోసారో నాలుగోసారో యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా ఉంచితే కుంటుకుంటూ నిలబడేది. ఊరు దాటి ఎర్రవల్లి దారి పట్టేసరికి ఏ లోపమూ లేని బండిలా నడిచేది. మధ్యాహ్నం ఎప్పుడు తిప్పినా ఒక్క తిప్పుకే లేచేది. పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఈ జబ్బు.

మాకు అది పొద్దునే కావాలి.

మా అత్తమ్మకు మూత్రపిండాలు పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయించాలి. ఆమెకు అవసరమైన సమయంలో మా ఊరు గద్వాలలో ఖాళీ దొరకలేదు, వనపర్తిలో దొరికింది. అదీ పొద్దున మొదటి విడతలో. ఆలస్యంగా వెళ్తే ఆ మంచం బయట బెంచీ మీద ఎదురుచూసే మరొకరికి ఇస్తారు. వాళ్లూ నీరు పట్టిన కాళ్లతో, ఆయాసంతో వచ్చినవాళ్లే కాబట్టి అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మనమే వేళకు వెళ్లాలి.

కారు నా భర్తది. ఆయన చీరల వ్యాపారం చేసేవారు. ఇంట్లో నేసినవీ, చుట్టుపక్కల మగ్గాల మీద నేసినవీ మూటలు కట్టుకుని తెల్లవారకముందే బయల్దేరి కర్నూలుకో హైదరాబాదుకో వెళ్లేవారు. నాకు డ్రైవింగ్ ఆయనే నేర్పారు, ధరూర్ రోడ్డు మీద, పత్తి బండ్లకు దారి ఇస్తూ. గుండెపోటుతో పోయారు. అంతకంటే ఎక్కువ ఆ సంగతి ఇక్కడ రాయను. ఆ రోజుల్లో చాలామంది వచ్చి చాలా మాటలు చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు. వాటిలో ఒక్కటీ నాకు గుర్తులేదు. ఎవరో మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమి వెళ్లడం గుర్తుంది.

మాది మగ్గం ఇల్లు. ఇంట్లో చావు జరిగితే కర్మ అయ్యేదాకా నేత ఆపేస్తారు. అయితే మగ్గాన్ని పూర్తిగా వదిలేయరు. పడుగు, అంటే మగ్గం మీద పొడవునా బిగించిన దారాలు, గంజి పెట్టి ఉంటాయి. కదలకుండా ఉంటే ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకని పొద్దున్నే ఎవరో ఒకరు మగ్గం గుంటలో కూర్చుని, అడ్డదారం వేసే నాడె ముట్టుకోకుండా, కాళ్ల కింది పలకలు కాసేపు తొక్కి లేచి వస్తారు. నేత కోసం కాదు, దారాలు కదలడం కోసం. మామయ్య పోయినప్పుడు నేను ఈ పద్ధతిని మొదటిసారి చూశాను.

నా భర్త పోయినప్పుడు పెద్దలు కారుకూ అదే నియమం పెట్టారు. మాసికం అయ్యేదాకా పోయినవాడి బండి గడప దాటకూడదన్నారు. అలాగని ఊరికే నిలబెడితే బిగుసుకుపోతుందన్నారు. అందుకని మా మరిది రోజూ పొద్దున మగ్గం పలకలు తొక్కి, తర్వాత వాకిట్లోకి వచ్చి కారు తాళం తిప్పి, రెండు నిమిషాలు ఉంచి ఆపేసేవాడు. రెండూ ఒకే పనిలో భాగంలా సాగేవి. బ్యాటరీకి కూడా మంచిదే అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

కర్మ అయ్యాక నేత మళ్లీ మొదలైంది, మాసికం కూడా అయ్యింది, బండి స్టార్ట్ చేయడం మాత్రం ఆగలేదు. నా భర్త ఉన్న రోజుల్లో ఆయన బయల్దేరే వేళకు అత్తమ్మ మంచం మీద మెలకువగా ఉండి ఆ చప్పుడు వినేది. ఇప్పుడు మరిది చేతిలో అదే వేళకు అదే చప్పుడు. ఒకరోజు అతను మర్చిపోయి మగ్గం గుంటలోనే కూర్చున్నాడు. అత్తమ్మ లోపలి నుంచి పిలిచింది.

"ఇయ్యాల బండి సప్పుడు రాలె ఏందిరా?"

ఆ తర్వాత అతను మర్చిపోలేదు. డయాలసిస్ మొదలయ్యాక ఆ మూడు రోజులూ ఎలాగూ నేను బండి తీస్తాను. మిగతా రోజుల్లో అతను తాళం తిప్పేవాడు.

మొదట గద్వాల మెకానిక్ బ్యాటరీ పాతదైందని చెప్పి మార్చాడు. సెల్ఫ్ ఇంకా గట్టిగా తిరిగింది, ఇంజను అలాగే ఆగింది. చలి ముదిరేకొద్దీ జబ్బు ముదిరింది. సోమవారాలు మరీ కష్టం. శని, ఆదివారాలు రోడ్డెక్కకుండా ఉండటం వల్లేనని అనుకున్నాం.

అలాంటి ఒక సోమవారం బండి అసలు నిలబడలేదు. మరిదీ, పక్కింటి ఇద్దరూ వీధి చివరి దాకా తోశారు. నేను గేరు వేసి వదిలాను. ఒక్కసారి దగ్గి ఊరుకుంది. పెట్రోలు వాసన భరించలేక అత్తమ్మను దించి అరుగు మీద కూర్చోబెట్టాం. చివరికి ఎప్పుడో, ఎలాగో నిలబడింది. వనపర్తి చేరేసరికి మంచం వేరొకరికి ఇచ్చేశారు. చివరి విడత దాకా బెంచీ మీద ఉన్నాం. అత్తమ్మ వెనక్కి ఆనుకోలేదు, ఆనుకుంటే ఊపిరి ఆడదు. ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుంది. నేను ఏదో అనబోతే చెయ్యి ఊపింది.

"నువ్వు పరేషాన్ గాకు. కూసుంట. కూసునుడు మాకు కొత్తనా? పుట్టినకాడికెంచి గుంతలనే కూసున్నం."

ఆ సాయంత్రం మరిది గట్టిగానే చెప్పాడు.

"వదినా, ఇగ ఆ డబ్బాను అమ్ముదం. అన్న ఉన్నన్నిదినాలు అన్న మాట ఇన్నది. మన మాట ఇనదు అది."

కిరాయి కారు మాట్లాడదామన్నాడు. మాట్లాడి చూశాం. వారానికి మూడుసార్లు, చీకటితో లేచి, ఏడాది పొడుగునా రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒకతను మాత్రం ఒప్పుకున్నాడు, పెళ్లిళ్ల రోజుల్లో తప్ప అన్నాడు. బస్సు ఆ వేళకు అందదు, అందినా తిరుగు ప్రయాణంలో ఆమె నిలబడలేదు. కాబట్టి ఉన్నది ఈ బండి ఒక్కటే. దీన్ని బాగుచేయాలి.

నాకు ఇంజన్ల గురించి తెలియదు. కారుతో వచ్చిన పుస్తకం చదివాను. అందులో సగం హెచ్చరికలే. కానీ ఒక్క విషయం మీద నాకు నమ్మకం కుదిరింది. ఈ ఆగడానికి కారణం ఉంది. ప్రతిసారీ ఒకే రకంగా, ఒకే వేళ ఆగుతోందంటే కారణం కూడా ఒకటే అయి ఉండాలి. మనిషి గుండె ఎందుకు ఆగిందని అడిగితే డాక్టర్లు చెప్పింది నాకు సరిపోలేదు. ఇంజను విషయంలో సరిపోయే జవాబు దొరికేదాకా అడగవచ్చు.

డయాలసిస్ పూర్తవడానికి నాలుగు గంటలు పడుతుంది. వనపర్తి నుంచి కొత్తకోట దగ్గరే. హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్ల మధ్య కార్లు చూసే మెకానిక్ ఒకతను ఉన్నాడని దవాఖానలో ఒక పేషెంటు కొడుకు చెప్పాడు. అత్తమ్మను మంచం ఎక్కించి, సూదులు గుచ్చి మిషను తిరగడం చూశాక నేను కొత్తకోట వెళ్లేదాన్ని.

అతను విని, బానెట్ ఎత్తి, ప్లగ్గులు మార్చి, గాలి లోపలికి పోయే దారి కడిగి, ఫిల్టర్ మార్చి అన్నీ ఒకేసారి చేసి ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"ఒక్కపారి ఒక్కటే మార్చు అన్నా. అన్నీ మారిస్తే దేనితోని బాగైందో తెల్వదు."

"బాగైతే సాలదా మేడం? దేనితోనైతే మనకేంది?"

"మల్ల ఖరాబైతే కావాలె గదా."

అతను పక్కనున్న లారీ డ్రైవరు వైపు తిరిగాడు. "జూసినవా, ఈమె రిపేరు చేపిస్తలేదు, బండికి పరీక్ష వెడుతుంది."

అయినా నేను చెప్పినట్టే చేశాడు. ముందు ప్లగ్గులు విప్పాడు. ఇంజనులో నిప్పు పుట్టించేవి అవే. నాలుగూ నల్లగా, మసి పట్టి ఉన్నాయి. పెట్రోలు పూర్తిగా కాలడం లేదు, మసిగా ప్లగ్గుల మీదే నిలిచిపోతోందన్నాడు. కొత్తవి వేశాడు. శుక్రవారం రెండో తిప్పుకు లేచింది. సోమవారం నాటికి మళ్లీ మొదటికి వచ్చింది. విప్పి చూస్తే కొత్త ప్లగ్గులూ అంతే నలుపు.

తర్వాతి సారి గాలి దారి కడిగాడు. తేడా లేదు. ఆ తర్వాత సెన్సార్ చూశాడు. ఇంజను ఎంత చల్లగా ఉందో బండిలోని కంప్యూటరుకు చెప్పే చిన్న వస్తువు అది. అది తప్పు చెబితే పెట్రోలు ఎక్కువ పోతుంది. స్కానర్ పెట్టి చూశాడు, సరిగ్గానే చెబుతోంది. పెట్రోలు చిమ్మే గొట్టాలు లోపల కారుతున్నాయేమోనని గేజి బిగించి చాలాసేపు ఉంచాడు. ముల్లు కదల్లేదు. ఇక ఇంజను అరిగిందేమో అన్నాడు, విప్పాల్సి వస్తుందన్నాడు. విప్పేముందు లోపలి ఒత్తిడి కొలిచి చూడమన్నాను. కొలిచాడు. వయసుకు తగ్గట్టు బాగానే ఉంది.

ప్రతి వారం ఒక్కో కారణం కాదని తేలేది. మరిదికి ఇది పనికిమాలిన తిరుగుడులా కనిపించింది. నాకు అలా అనిపించలేదు. ఏది కారణం కాదో తెలిసినకొద్దీ వెతకాల్సిన చోటు తగ్గుతుంది. ఆ మధ్యలో పొద్దున్నే ముందుగా లేచి, ఆగిపోయే బండిని ఆగిపోతుందని తెలిసే స్టార్ట్ చేసి, అది నిలబడ్డాకే అత్తమ్మను లేపడం అలవాటు చేసుకున్నాను. ఆ సోమవారం తర్వాత మళ్లీ మంచం పోలేదు. కానీ అది రోజూ అంచు మీద నడిచినట్టే ఉండేది.

చివరికి మెకానిక్ బండిని ఒక రాత్రి తన దగ్గర వదలమన్నాడు. చల్లగా ఉన్నప్పుడు తన కళ్లతో చూస్తానన్నాడు. మరిది శనివారం సాయంత్రం వదిలి వచ్చాడు. ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. బండి ఒక్క తిప్పుకే లేచిందట.

"మేడం, మీ బండికి ఏ రోగం లేదు. మీ ఇల్లే పడ్తలేదు దానికి."

మరిది వెళ్లి తెచ్చాడు. సోమవారం కూడా ఒక్క తిప్పుకే లేచింది. బాగైందనుకున్నాం, అతను ఏం చేయకుండానే ఎలా బాగైందో ఆలోచించలేదు. బుధవారం మళ్లీ నల్లటి పొగ.

నా పుట్టిల్లు లింగాల. మావాళ్లు మగ్గం వదిలి చేను పట్టి చాలా కాలమైంది. భర్త పోయిన ఆడపిల్లను పుట్టింటికి తీసుకెళ్లి నిద్ర చేయించడం మాలో ఉంది. అత్తమ్మ డయాలసిస్ వల్ల నాకు అది వాయిదా పడుతూ వచ్చింది. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాట ఎత్తేది. చివరికి అత్తమ్మే తేల్చింది. తానూ వస్తానంది. శుక్రవారం వనపర్తి నుంచి నేరుగా లింగాల, సోమవారం లింగాల నుంచి నేరుగా వనపర్తి. వియ్యపురాలింట్లో రెండు రోజులు ఉండటానికి మొహమాటపడుతుందనుకున్నాను. ఆమె మా అమ్మతో రెండు రోజులూ కందిపప్పు చెరుగుతూ, తనకు తినకూడనివి ఏమేమిటో చెబుతూ గడిపింది.

లింగాలలో చలి గద్వాలకంటే ఎక్కువ. బండి వాకిట్లో, ఆరుబయట ఉంది. ఆదివారం చీకటి పడ్డాక మా నాన్న గొంగడి తెచ్చి బానెట్ మీద కప్పబోయాడు. నేను వద్దన్నాను. చలికి ఎంత మొండికేస్తుందో పూర్తిగా చూడాలనుకున్నాను.

"చలి తగలనియ్యి నాయినా."

"మొండికేస్తదని నువ్వే అంటివి. మల్ల కప్పొద్దని నువ్వే అంటివి." గొంగడి తన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం ఇంకా చీకటి ఉండగానే లేచాను. అద్దాల మీద మంచు నీరు కారుతోంది. బండి నిలబడకపోతే లాగడానికి నాన్న పక్కింటి ట్రాక్టర్ తాళాలు అడిగి తెచ్చుకుని, మోకు చేతపట్టుకుని నిలబడ్డాడు. తాళం తిప్పాను. ఇంజను ఒక్క తిప్పుకు అందుకుంది. కొంచెం వేగంగా తిరిగి, నెమ్మదించి, నిలకడగా ఉండిపోయింది. వణుకు లేదు. దిగి వెనక్కి వెళ్లి చూశాను. పొగ లేదు, తెల్లటి ఆవిరి మాత్రమే. చెయ్యి పెట్టి వాసన చూశాను. పెట్రోలు వాసన లేదు.

అత్తమ్మ లోపల కూర్చుని ఉంది. "ఏమైంది? గట్ల జూస్తున్నవేంది?"

"లేచింది అత్తమ్మా."

"లేస్తె పోదం పా."

నాగర్‌కర్నూల్ దాటేదాకా అదే ఆలోచించాను. ఇన్నాళ్లూ చలి అనుకున్నాం. ఇక్కడ చలి ఎక్కువ. రెండు రోజులు రోడ్డెక్కకుండా ఉండటం అనుకున్నాం. ఇక్కడా రెండు రోజులు కదల్లేదు. పెట్రోలు అదే, బండి అదే, తిప్పిన చెయ్యి అదే. కొత్తకోటలో ఒక రాత్రి ఉన్నప్పుడూ లేచింది. మరి గద్వాలలో ఉండి, ఈ రెండు చోట్లా లేనిదేమిటి? బిజినపల్లి దగ్గర గొర్ల మంద రోడ్డు దాటుతుంటే ఆగాను. ఇంజను నిమ్మళంగా తిరుగుతోంది. అప్పుడు తట్టింది. ఈ రెండు చోట్లా పొద్దున్నే వచ్చి తాళం తిప్పి, రెండు నిమిషాలకు ఆపేసేవాళ్లు ఎవరూ లేరు.

అత్తమ్మ పక్కనే ఉంది. అనుమానంతో ఆమె దగ్గర నుంచి ఆ చప్పుడు తీసేయడం నాకు ఇష్టం లేదు. ముందు రుజువు కావాలి.

ఆమెను మంచం ఎక్కించి కొత్తకోట వెళ్లాను. మెకానిక్‌కు చెప్పాను. అతను విని అసలు సంగతి విడమరిచి చెప్పాడు. చల్లటి ఇంజనుకు బండి ఎక్కువ పెట్రోలు పోస్తుంది, వేడెక్కాక తగ్గిస్తుంది. వేడెక్కకుండానే ఆపేస్తే పోసిన పెట్రోలు ప్లగ్గుల మీద తడిగా, మసిగా మిగిలిపోతుంది. మర్నాడు ఆ తడి మీదే మళ్లీ పోస్తుంది. రోజూ అలా చేసేవాళ్లుంటారని తనకెప్పుడూ తోచలేదన్నాడు. ఎందుకు చేస్తారని అడిగాడు. మా ఇంటి పద్ధతి అన్నాను. ప్లగ్ విప్పే పొడుగాటి పానా ఒకటి ఇప్పించుకుని, ఎలా విప్పాలో నేర్చుకుని, అతని ముందే రెండుసార్లు విప్పి బిగించి చూపించాను.

"మీరే విప్పుకుంటె ఇగ నాకేం పని మేడం?"

"నువ్వు చెప్పిందే నిజం అన్నా. మా ఇల్లే పడ్తలేదు దానికి."

ఆ సాయంత్రం ఇంటికి చేరి, ఇంజను చల్లారాక ఒక ప్లగ్ విప్పాను. మొన పొడిగా, లేత మట్టిరంగులో ఉంది. తిరిగి బిగించాను. మంగళవారం పొద్దున మరిది మగ్గం గుంటలోంచి లేచి వాకిట్లోకి వచ్చి, ఎప్పటిలాగే తాళం తిప్పి, రెండు నిమిషాలకు ఆపాడు. నేను వెళ్లి అతని ఎదుటే అదే ప్లగ్ విప్పాను. మొన నల్లగా ఉంది. వేలికి తడి అంటింది. వాసన చూడమని అతనికి ఇచ్చాను.

చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అంటె నేనా ఇన్నిదినాలు ఖరాబు చేసింది?"

"నువ్వు కాదు. మనమందరం. బండిని మగ్గమనుకున్నం."

నిజంగా అదే జరిగింది. మగ్గానికి కొంచెం కదలిక చాలు. ఇంజనుకు కొంచెం అసలు పనికిరాదు. కదిపితే పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి, లేదా ముట్టుకోకూడదు.

అమ్మకు ఏం చెబుదామని మరిది అడిగాడు. నిజం చెప్పవద్దన్నాడు. బ్యాటరీ తీసి దాచి, రిపేరుకు ఇచ్చామని చెబుదామన్నాడు. అలా ఎన్ని రోజులని అడిగాను. అబద్ధం చెబితే ఆమె రోజూ ఆ వేళకు ఎదురుచూస్తుంది, రోజూ మరో అబద్ధం కావాలి. నేనే చెబుతానన్నాను.

అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, డయాలసిస్ సూదులు గుచ్చే చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో చిన్న గ్లాసు పట్టుకుని ఉంది. ఆమెకు రోజుకు కొలిచిన నీళ్లే. గ్లాసు పక్కన పెట్టాక, ప్లగ్‌ను గుడ్డలో ఉంచి ఆమె చేతికిచ్చాను. బొటనవేలితో రాసింది. వేలు నల్లబడింది.

"ఏంది గిది?"

"ఇంజన్ల నిప్పు పుట్టించేది అత్తమ్మా. నిన్న పొద్దుమీకి పొడిగుండె. పొద్దున చిన్నోడు రెండు నిమిషాలు నడిపె గదా, గప్పుడు గిట్లైంది."

"రెండు నిమిషాలకు ఏమైతది?"

"రెండే నిమిషాలైనందుకే ఐతది. సల్లగున్నప్పుడు ఎక్కువ పెట్రోలు పోస్తది. వేడెక్కితే అదంత కాలిపోతది. మనం వేడెక్కకముందే ఆపుతున్నం."

ఆమె ప్లగ్‌ను వెలుతురుకు పెట్టి చూసింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మూత్రపిండాలు చెడేదాకా ఆ ఇంట్లో పడుగులకు గంజి పెట్టింది ఆమే.

"గంజి ఆరకముందే పడుగు సుట్టినట్టు."

"అవ్."

"అంటుకుంటది. ఇప్పితే తెగుతది." గుడ్డతో వేలు తుడుచుకుంది. "గందుకేనా సోమారం సోమారం నన్ను బెంచీ మీద కూసోవెడ్తనంటుండె అది?"

"గందుకే."

నేను ముందే ఆలోచించుకున్న మాట చెప్పాను. మిగతా రోజుల్లో కూడా పొద్దున్నే బండి తీసి, ధరూర్ దాకా నడిపి తిరిగి తెస్తాను. అంత దూరం నడిస్తే ప్లగ్గులు పాడవవు, బయల్దేరేటప్పుడు చప్పుడూ వినిపిస్తుంది. నాకు కష్టమేమీ కాదు.

"ధరూర్ల ఏం పనుంది నీకు?"

"పనేం లేదు."

"పని లేకుంట వాడెప్పుడన్న బండి తీసిండా?"

లేదు. నా భర్త ఒక్కసారి కూడా తీయలేదు. పెట్రోలు ఖర్చు విషయంలో ఆయనకున్న పట్టింపు ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ప్లగ్‌ను గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, మగ్గం గది వైపు తిరిగి కొడుకును తానే పిలిచింది.

"రేపటికెంచి బండి ముట్టకు. వదిన ముడ్తది, పనున్నప్పుడు."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఆ రోజు నాలుగు ప్లగ్గులూ విప్పి శుభ్రం చేశాను. బుధవారం రెండో తిప్పుకు లేచింది. గురువారం పొద్దున ఎవరూ తాళం తిప్పలేదు. శుక్రవారం మొదటి తిప్పుకే అందుకుంది. అయినా నేను అప్పుడే నమ్మలేదు. సోమవారం చూడాలి.

శని, ఆదివారాలు ఆ వేళకు నాకు మెలకువ వచ్చింది. పక్క మంచం మీద అత్తమ్మ కూడా మెలకువగానే ఉంది. చీకట్లో ఆమె ఊపిరి చప్పుడును బట్టి తెలుస్తుంది. వీధిలో పాల బండి పోయింది. నీళ్ల ట్యాంకరు వచ్చి, బిందెలు తగిలి, వెళ్లింది. మా వాకిట్లో ఏ చప్పుడూ లేదు. శనివారం ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆదివారం లేచి కూర్చుని, వెంట్రుకలు ముడి వేసుకుని, టీ పెట్టమంది. తన వంతు నీళ్లలో అది ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ మేరకే పెట్టాను. ఇద్దరం తాగాం. ఆ చప్పుడు గురించి ఆమె అడగలేదు.

సోమవారం చలి బాగా ఉంది. ఈసారి బండిని ముందుగా స్టార్ట్ చేసి చూడలేదు. అత్తమ్మను ఎక్కించి, సంచి వెనక పెట్టి, అప్పుడు కూర్చుని తాళం తిప్పాను. మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క తిప్పు. ఇంజను అందుకుని, కొంచెం పైకి లేచి, కిందికి దిగి, నిలబడింది. నేను కాలు యాక్సిలరేటర్ మీద పెట్టలేదు. స్టీరింగు మీద చేతులుంచి విన్నాను. ఎక్కడా తడబాటు లేదు. అత్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. నేను బండిని కదపలేదు.

ఆమె కళ్లు తెరవకుండానే అన్నది.

"పోనియ్యి బిడ్డా. గిట్ల నిలవెట్టి ఇంటే మల్ల ఖరాబైతది."

గేరు వేశాను. బీచుపల్లి వంతెన మీద ఇంకా లైట్లు వెలుగుతున్నాయి. పెబ్బేరు దగ్గర తిరిగేసరికి ఇంజను వేడి చూపించే ముల్లు మధ్యకు వచ్చి ఆగింది. వనపర్తిలో మేం చేరినప్పుడు మంచాల మీద దుప్పట్లు మారుస్తున్నారు. బెంచీ ఖాళీగా ఉంది. అత్తమ్మ దాని మీద కూర్చోలేదు. గోడకు ఒక చెయ్యి ఆనించి నిలబడి, బరువు చూసే మిషను దగ్గరికి ముందుగా తానే నడిచింది.